పగిలిన కారు అద్దం: ఆనవాలు నుంచి నిర్ధారణ దాకా

అనుమాన ప్రమాణాన్ని గురించి చదివేటప్పుడు కొండ మీద పొగ, దాని కింద నిప్పు అనే ఉదాహరణ దగ్గరే చాలామంది విద్యార్థులు ఆగిపోతారు. ఆ ఉదాహరణ మంచిదే. అయితే దూరాన పొగమంచును చూసి పొగ అనుకుని, నిప్పు ఉందని పొరపాటు పడినా ఎవరికీ పెద్ద నష్టం లేదు. దొంగతనం జరిగిన చోట మిగిలిన ఆనవాళ్లను చూసి అదే పొరపాటు చేస్తే మాత్రం ఒక మనిషికి ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది, ఒక్కోసారి జైలు కూడా పడుతుంది. అందుచేత ఈ పాఠంలో కొండను వదిలిపెట్టి, వీధిలో ఆగి ఉన్న ఒక కారు దగ్గరకు వద్దాం.

ఇక్కడ చెప్పబోయే సన్నివేశం, అందులోని మనుషులు కల్పితం. ఊళ్లు, శాస్త్ర విషయాలు, చట్టాలు, తరువాత వచ్చే కోర్టు కేసులు నిజమైనవి.

సన్నివేశం

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే ఒకాయన పని మీద అమలాపురం వచ్చి, ఆ రాత్రి చెల్లెలి ఇంట్లో ఉండిపోయాడు. కారును గడియార స్తంభం సెంటరుకు దగ్గర్లోని ఒక సందులో నిలిపారు. డ్రైవరు రాజోలు వైపు లంక గ్రామానికి చెందిన కుర్రవాడు. రెండేళ్లుగా ఆయన దగ్గరే పనిచేస్తున్నాడు. ఆ రాత్రి అదే ఇంటి అరుగు మీద పడుకున్నాడు. కారు తాళంచెవి అతని దగ్గరే ఉంది.

తెల్లవారి చూస్తే వెనుక ఎడమ తలుపుకు అద్దం లేదు. వెనుక సీటులో పెట్టిన లాప్‌టాప్ సంచి లేదు. మేనల్లుడు వెంటనే ఫోనుతో నాలుగు ఫోటోలు తీశాడు. ఆ తరువాత డ్రైవరు తలుపు తీసి, సీటు మీద పడిన గాజు పలుకులను చేత్తో తుడిచాడు. అప్పటికి కనిపించిన ఆనవాళ్లు ఇవి. గాజు ఎక్కువ భాగం కారు లోపల కాక బయట, రోడ్డు మీద ఉంది. అద్దానికి అంటించిన ఎండ ఫిల్ముకు అతుక్కుని చాపలా ముడుచుకుని పడి ఉంది. డాష్‌బోర్డు అరలో ఉన్న నగదు కవరు కదలలేదు. తలుపులన్నీ లాక్ అయ్యే ఉన్నాయి, తాళం రంధ్రం దగ్గర గీతలు లేవు. సీటు మీద కొబ్బరి పీచు నలక ఉంది. ముందు సీటు కింద బేరింగులో ఉండేలాంటి చిన్న ఉక్కు గుండు దొరికింది. కిటికీ అంచున ఎండిన నెత్తుటి మరక ఒకటి ఉంది. డ్రైవరు చొక్కా చేతి మడతలో రెండు గాజు పలుకులు కనిపించాయి.

యజమాని కాఫీ తాగేలోపే నిర్ధారణకు వచ్చేశాడు. గాజు బయట పడిందంటే అద్దాన్ని లోపలి నుంచి కొట్టారు. లోపలికి వెళ్లాలంటే తాళంచెవి ఉండాలి. అది ఉన్నది డ్రైవరు దగ్గర. సంచి ఎక్కడుందో తెలిసినవాడే తీశాడు. చొక్కా మీద గాజు కూడా ఉంది. “నాకేం తెలీదండి బాబూ, ఆయ్” అని కుర్రవాడు ఎంత చెప్పినా ఆ మాటకు విలువ లేకుండా పోయింది.

యజమాని మూర్ఖుడు కాడు. అతడు చేసిన దానికి మన దర్శనాలలో ఒక పేరు కూడా ఉంది. దేవదత్తుడు పగలు భోజనం చేయడు, అయినా లావుగా ఉన్నాడు, కాబట్టి రాత్రి తింటూ ఉండాలి. మీమాంసకులు దీన్ని అర్థాపత్తి అన్నారు. పొసగని రెండు విషయాలను పొసిగించే మూడో విషయాన్ని ఊహించడం అన్నమాట. నైయాయికులు దీన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోకుండా అనుమానంలోనే చేర్చారు. పాశ్చాత్య తర్కంలో దాదాపు ఇలాంటి దాన్నే చార్లెస్ పియర్స్ అబ్డక్షన్ అన్నాడు. పేరు ఏదైనా ఇందులో ఒక షరతు ఉంది. పొసిగించగలిగే ఊహ అదొక్కటే అయి ఉండాలి. దేవదత్తుడి విషయంలో పగలు కాకపోతే రాత్రే, మూడో వేళ లేదు. కారు విషయంలో అలా కాదు. యజమాని తన ఊహ ఆనవాళ్లకు సరిపోతుందో లేదో చూసుకున్నాడు కాని, మరో ఊహకు కూడా అవే ఆనవాళ్లు సరిపోతాయా అని చూడలేదు.

గాజు ఏం చెబుతుంది

కారు ముందు అద్దం, పక్క అద్దాలు సాధారణంగా ఒకే రకం కావు. ముందుది రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. పగిలినా సాలెగూడులా చీలి నిలబడుతుంది. పక్క అద్దం ఎక్కువ కార్లలో టెంపర్డ్ గాజు. దీన్ని 600 డిగ్రీల సెల్సియస్ పైకి వేడిచేసి, గాలి ధారలతో ఒక్కసారిగా చల్లారుస్తారు. పై పొరలు ముందు గట్టిపడతాయి, లోపలి భాగం తరువాత చల్లబడి ముడుచుకుంటుంది. ఫలితంగా ఉపరితలం నొక్కుడులో, లోపలి భాగం లాగుడులో ఉండిపోతాయి. పై పొరను గట్టి మొన ఒకటి ఒక్కచోట ఛేదించినా లోపల బిగిసి ఉన్న శక్తి అంతా విడుదలై పలక మొత్తం చిన్న చిన్న దిమ్మలుగా రాలిపోతుంది.

మామూలు కిటికీ గాజు విషయంలో పగులు గీతల అంచులను పరిశీలించి దెబ్బ ఏ వైపు నుంచి తగిలిందో నిపుణులు చెప్పగలరు. టెంపర్డ్ గాజు విషయంలో ఆ పద్ధతి అంతగా పనికిరాదు. అంతా పలుకులైపోయాక గీతలెక్కడివి? పలుకులు పడిన చోటును బట్టి చెప్పవచ్చు గదా అంటే, కొంతవరకే. బయటి నుంచి కొడితే ఎక్కువ గాజు లోపలికి పడడం సహజం. కాని ఇక్కడ ఫిల్ము ఉంది. పగిలినా పలుకులు రాలకుండా ఫిల్ము పట్టి ఉంచుతుంది. చప్పుడు కాకూడదనుకున్నవాడు ఆ చాపను బయటికి లాగి రోడ్డు మీద పడేస్తాడు. కాబట్టి ‘గాజు బయట ఉంది’ అన్న ఆనవాలు ‘లోపలి నుంచి కొట్టారు’ అన్న ఊహకు ఎంత సరిపోతుందో, ‘బయట కొట్టి, ఫిల్ముతో సహా లాగారు’ అన్న దానికీ దాదాపు అంతే సరిపోతుంది. పైగా తాళంచెవి ఉన్నవాడు అద్దం పగలగొట్టడమెందుకు అన్న ప్రశ్న ఉండనే ఉంది.

ఇప్పుడు ఉక్కు గుండును చూడండి. ఉండేలుతో, పిల్లల మాటలో క్యాట్‌బాల్‌తో, ఉక్కు గుండు విసిరి కారు అద్దాలు పగలగొట్టే ముఠాల కేసులు మన దేశంలో పలు నగరాల పోలీసులు నమోదు చేశారు. గుండు లోపల దొరికిందంటే దెబ్బ బయటి నుంచి వచ్చిందన్న ఊహకు బలం పెరుగుతుంది. నిర్ధారణ కాలేదు, బలం పెరిగింది. ఏ బండి బేరింగు నుంచో ఊడిన గుండు నెల రోజులుగా సీటు కింద పడి ఉండవచ్చు కూడా. దాని మీద తుప్పు, దుమ్ము ఉన్నాయా, గాజు పొడి అంటిందా అని చూస్తే ఆ సందేహం కొంత తీరుతుంది.

చొక్కా మీది రెండు పలుకుల మాట. గాజు పగిలినప్పుడు కొన్ని పలుకులు దెబ్బ తగిలిన దిశలో కాక వెనక్కి, అంటే కొట్టినవాడి వైపు ఎగురుతాయి. 1967లో నెల్సన్, రెవెల్ అనే పరిశోధకులు ఈ వెనుకంజ పలుకుల గురించి ప్రయోగాలు చేసి ప్రచురించారు. అందుకే అనుమానితుడి బట్టల మీద గాజు వెతకడం పరిశోధనలో ఒక పద్ధతి అయింది. అయితే బట్టలకు పట్టుకుని ఉండేవి ఎక్కువగా కంటికి సరిగా ఆనని నలకలు. పెద్ద పలుకులు నడకలో, కదలికలో త్వరగా రాలిపోతాయి. నలకల్లో కూడా చాలా భాగం మొదటి కొన్ని గంటల్లోనే రాలిపోతుంది. మన కుర్రవాడి చేతి మడతలో ఉన్నవి పెద్ద పలుకులు. అర్ధరాత్రి అద్దం పగలగొట్టి, అరుగు మీద పడుకుని దొర్లి లేచినవాడి చొక్కా మీద అవి తెల్లవారేదాకా నిలవడం కష్టం. పది నిమిషాల క్రితం సీటు తుడిచినవాడి చొక్కా మీద ఉండడంలో వింత లేదు.

ప్రయోగశాలలో ఆ పలుకుల వక్రీభవన గుణకాన్ని కొలిచి, కారు అద్దంతో సరిపోయిందని చెప్పవచ్చు. సరిపోతుంది కూడా. కాని ఆ నివేదిక గాజు ఎక్కడిదో చెబుతుంది, ఎప్పుడు అంటిందో చెప్పదు. ఈ తేడా విద్యార్థులకు తరగతిలో చెప్పగానే అర్థమవుతుంది. పరీక్షలో రాయమంటే మాత్రం పదిమందిలో ఏడుగురు మళ్లీ కలిపేస్తారు.

జల్పాయిగురి వంటవాడు

వేలిముద్రల చరిత్రలో తొలినాళ్లదైన ఒక కేసు మన దేశంలోదే. కలకత్తాలో 1897లో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. దాని వర్గీకరణ పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు వచ్చింది. దాన్ని రూపొందించడంలో ఎక్కువ శ్రమ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులదన్నది చరిత్రకారులు ఇప్పుడు ఒప్పుకుంటున్న మాట. అదే ఏడాది బెంగాల్‌లోని జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు గొంతు కోయబడి పడకలో చనిపోయి కనిపించాడు. అతని పెట్టె పగలగొట్టి డబ్బు తీసుకుపోయారు.

అనుమానం ఎవరెవరి మీదకు వెళ్లిందో చూడండి. మేనేజరు కఠినుడని పేరు కాబట్టి తోట కూలీల మీదకు వెళ్లింది. బట్టల మీద నెత్తుటి మరకలున్నాయి కాబట్టి వంటవాడి మీదకు వెళ్లింది. దగ్గర్లో గుడారాలు వేసుకున్న కాబూలీ సంచారుల మీదకూ వెళ్లింది. చివరకు పెట్టెలోని ఒక పంచాంగం మీద నెత్తురంటిన వేలిముద్ర దొరికింది. బ్యూరోలో దాచిన ముద్రలతో పోల్చి చూస్తే, గతంలో ఆ ఇంట్లోనే పనిచేసి దొంగతనానికి శిక్షపడిన కంగాలీ చరణ్ అనే వ్యక్తి ముద్రతో అది కలిసింది.

1898లో కోర్టు అతన్ని దొంగతనానికి శిక్షించింది, హత్యానేరం నుంచి విడిచిపెట్టింది. వేలిముద్ర అతడు ఆ పెట్టెను ముట్టుకున్నాడని చెప్పింది. కత్తి పట్టుకున్నాడని చెప్పలేదు. అంతకు మించి ముద్ర చేత చెప్పించడానికి కోర్టు ఒప్పుకోలేదు. ఒక కొత్త శాస్త్రం న్యాయస్థానంలో అడుగుపెట్టిన తొలి రోజుల్లోనే దాని హద్దు కూడా గీయబడడం నాకు చాలా నచ్చిన విషయం.

ఆ ముద్రకు విలువ రావడానికి కారణం, అతడు ఆ ఇంటి కొలువు మానేసి ఉండడం. అప్పటికీ అక్కడే పనిచేస్తున్న వంటవాడి ముద్ర పంచాంగం మీద ఉంటే దానికి అంత అర్థం ఉండేది కాదు. మన కారులో డ్రైవరు వేలిముద్రలు ఎన్ని దొరికినా అంతే. అతడు దొంగ అయినా అవి ఉంటాయి, కాకపోయినా ఉంటాయి. తెలుగువాడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం చదివినవారు ఈ దోషాన్ని వెంటనే గుర్తుపట్టగలరు. సాధ్యం ఉన్నచోటా లేనిచోటా కూడా కనిపించే హేతువు సవ్యభిచారం.

ఆధునికులు దీన్నే సంభావ్యతా నిష్పత్తిగా చెబుతారు. అతడే తీశాడనుకుంటే ఈ ఆనవాలు కనిపించే అవకాశం ఎంత? అతడు తీయలేదనుకుంటే ఎంత? రెండూ సమానమైతే నిష్పత్తి ఒకటి, అంటే ఆ ఆనవాలు అనుమానాన్ని అటూ ఇటూ కదపలేదు. ఒక ఆనవాలు వింతగా అనిపించినంత మాత్రాన దానికి బరువు రాదు.

నగదు కవరు విషయంలోనూ ఈ లెక్కే వేయాలి. ‘సంచి ఎక్కడుందో తెలిసినవాడి పని’ అన్నాడు యజమాని. వీధి దీపం వెలుతురులో కిటికీ లోంచి సంచి ఎవరికైనా కనిపిస్తుంది. మూసి ఉన్న అరలోని కవరు కనిపించదు. కారులో కవరు ఉందని తెలిసే అవకాశం ఉన్నది డ్రైవరుకే. అతడే దొంగ అయితే అది మిగలడం వింత. బయటివాడు దొంగ అయితే అది మిగలడం సహజం. యజమాని తనకు అనుకూలంగా లెక్కించిన ఆనవాలు నిజానికి ఎదురు తిరిగింది.

కొబ్బరి పీచు, నది ఇసుక

సీటు మీది పీచు నలకను చూసి, పీచు పనిచేసే కూలీ ఎవరో కారులోకి వచ్చాడనుకోవచ్చు. అనంతపురంలో ఆగిన కారులో అదే నలక దొరికితే నిజంగానే ఆలోచించవలసిన ఆనవాలు అయ్యేది. కోనసీమలో, అందులోనూ కొబ్బరి వ్యాపారి కారులో, పీచు లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఆనవాలు విలువ ఆ చుట్టుపక్కల అది ఎంత అరుదన్న దాన్ని బట్టి మారుతుంది. దూరం నుంచి వచ్చిన నిపుణుడికి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

మట్టి విషయంలో మాత్రం కోనసీమలో కొంత వైవిధ్యం ఉంది. వరిచేల ఒండ్రు బంకమట్టి ఒక తీరు, గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల లంకల్లోని నది ఇసుక మరొక తీరు, అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఇసుక ఇంకొక తీరు. సముద్రపు ఇసుకలో గుల్లల ముక్కలుంటాయి, ఇల్మనైట్ వంటి బరువైన నల్లటి ఖనిజాలు ఉంటాయి. కారు సీటు మీద చెప్పు ముద్రలో ఇలాంటి ఇసుక ఉంటే, ఆ కారు ఈ మధ్య సముద్ర తీరానికి వెళ్లలేదని తెలిస్తే, అది పనికొచ్చే ఆనవాలు అవుతుంది. చాపల మీద ఉంటే పనికిరాదు. చాపల మీదికి ఎన్ని కాళ్లు వస్తాయో ఎవరు చెప్పగలరు?

ఎవరి మీద ముందుగా అనుమానం పుడుతుందన్నది ఆనవాళ్లతో సంబంధం లేని విషయం. దానికి వేరే చరిత్ర ఉంది. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911 తరువాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. పుట్టుకతోనే కొన్ని సంచార కులాలవారిని నేరస్థులుగా లెక్కగట్టింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం ఆ విధానంలో భాగంగా ఏర్పడిన ఊరు. చట్టాన్ని 1952లో రద్దు చేశారు. ఊరి పేరు చెప్పగానే అనుమానంగా చూసే అలవాటును రద్దు చేసే చట్టం ఏదీ రాలేదు. డ్రైవరు, వంటవాడు, వాచ్‌మన్, ఊరి చివర గుడారం, ఈ వరుసలో వెతకడం మొదలుపెట్టినవారికి ప్రతి ఆనవాలూ ఆ వరుసలోనే అర్థమవుతుంది.

కోర్టు ఏం అడుగుతుంది

2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమలులో ఉన్నాయి. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం మామూలు దొంగతనానికి మూడేళ్ల వరకు శిక్ష. సరుకులనో ప్రయాణికులనో తీసుకుపోయే వాహనం నుంచి వస్తువులు దొంగిలిస్తే 305వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు. సొంత కారు ఇందులోకి వస్తుందా అన్నది న్యాయవాదులు వాదించుకోదగిన అంశం. ఆ వాదనకు ఒక ప్రయోజనం ఉంది. ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లి ఆనవాళ్లు సేకరించాలని నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షన్ చెబుతోంది. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఇచ్చారు.

ఇలాంటి కేసుల్లో తరచు వినిపించే మరో ఘట్టం రికవరీ. అనుమానితుడు పోలీసులతో ‘సంచిని నేనే దొంగిలించి ఫలానా గడ్డిమేటులో దాచాను’ అన్నాడనుకోండి. చూస్తే సంచి అక్కడే ఉంది. అతని మాట మొత్తం సాక్ష్యమవుతుందా? దీనికి జవాబు చెప్పినది గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన కేసు, పులుకూరి కొట్టయ్య వర్సెస్ చక్రవర్తి. హత్య కేసులో 1946 చివర్లో ప్రివీ కౌన్సిల్ తీర్పు ఇచ్చింది. వస్తువు దాచిన చోటు, ఆ చోటు అతనికి తెలుసన్న సంగతి, ఈ రెండింటికి సంబంధించిన మాటలనే సాక్ష్యంగా తీసుకోవాలి. ఆ వస్తువుతో గతంలో ఏం చేశాడో చెప్పిన మాటలు పనికిరావు. అప్పటి సాక్ష్య చట్టం 27వ సెక్షన్ ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌లో ఉంది. దేశమంతటా న్యాయవాదులు నేటికీ ఆ గుంటూరు కేసునే ఉదహరిస్తారు. దొరికిన వస్తువు దొంగతనం జరిగిన కొద్దికాలానికే ఒకరి చేతిలో ఉంటే, సరైన సంజాయిషీ లేకపోతే, అతడే దొంగ అనో తెలిసి పుచ్చుకున్నాడనో కోర్టు ఊహించవచ్చు. 119వ సెక్షన్ ఇచ్చిన ఈ వీలు ‘ఊహించవచ్చు’ అనే చెబుతుంది, ‘ఊహించాలి’ అని కాదు.

కళ్లతో చూసిన సాక్షి లేని కేసుల్లో పరిస్థితులన్నీ కలిసి గొలుసులా ఉండాలని, నిందితుడి నేరం తప్ప మరే సమంజసమైన ఊహకూ చోటివ్వకూడదని శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో 1984లో సుప్రీంకోర్టు చెప్పింది. దేవదత్తుడి షరతు ఇదే.

ఇక మిగిలింది కిటికీ అంచున నెత్తుటి మరక. ఇంతవరకు చూసిన వాటిలో నిష్పత్తి ఒకటికి బాగా దూరంగా ఉండగలిగినది ఇదే. డీఎన్‌ఏ పరీక్షకు పంపవలసింది దీన్ని. తడిపిన దూదితో తీసిన మరకను నీడలో ఆరనిచ్చి కాగితపు కవరులో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే, ముఖ్యంగా కోనసీమ ఉక్కలో, బూజు పట్టి పాడైపోతుంది. పోలీసులు, క్లూస్ టీమ్ వచ్చేదాకా కారు కడగకూడదు, తుడవకూడదు. ఫిర్యాదులో ఏం కనిపించిందో రాయాలి. ఎవరి మీద అనుమానమో రాయకపోయినా ఫిర్యాదు చెల్లుతుంది.

అభ్యాసం

మూడో రోజున డ్రైవరు కుడి అరచేతికి కట్టు కనిపించింది. సీటు తుడుస్తుంటే గాజు గుచ్చుకుందని చెప్పాడు. మేనల్లుడు తీసిన రెండో ఫోటోలో, తలుపు ఇంకా తీయకముందే, కిటికీ అంచున మరక స్పష్టంగా ఉంది.

1. కట్టు అనే కొత్త ఆనవాలుకు రెండు ఊహల కింద సంభావ్యతలను పోల్చండి.

2. మరక డీఎన్‌ఏ డ్రైవరుది కాదని తేలితే యజమాని ఊహలో ఏ భాగం కూలిపోతుంది, ఏ భాగం మిగులుతుంది? అతనిదే అని తేలితే, ఆ ఫోటోను బట్టి అతని సంజాయిషీ ఏమవుతుంది?

3. ఫోటోలు తీయకుండానే సీటు తుడిచి ఉంటే, రెండో ప్రశ్నకు మీ జవాబులు ఎలా మారేవి?